తువ్వాలు కింద బేరం

పోయినవారం కథని వీధి మొగలో పోలీసు జీపు నిలబెట్టి వదిలేశాం. అది ఎవరి గుమ్మం ముందుకొచ్చి ఆగుతుందోనని విజయవాడ వన్ టౌన్‌లో ఆ సందంతా ఊపిరి బిగబట్టింది. వచ్చి ఆగింది కాశిం కొట్టు ముందు.

కాశింది తాళ్లు, వలల టోకు వ్యాపారం. కింద కొట్టు, వెనక గోడౌను, మేడ మీద రెండు వాటాలు. ఒక వాటాలో తనూ, భార్య ఫక్రున్నీసా ఉంటారు. రెండో దాంట్లో రచయిత రామకోటేశ్వరరావు ఉంటాడు. డెబ్భై దాటిన మనిషి. ఏ పార్టీ గద్దెనెక్కితే ఆ పార్టీని ఉతికి ఆరేస్తూ నవల రాస్తాడు. గద్దె దిగినవాళ్లు ఆ నవల కొనుక్కుని, పదిమందికీ చదివి వినిపించి మురిసిపోతారు. మళ్లీ గద్దెనెక్కగానే ఆయన మీద నిఘా మాత్రం అలాగే ఉంచుతారు. ప్రభుత్వాలు మారినా ఆగకుండా సాగిన పథకం అదొక్కటే.

ఆ నిఘాని కాశిం ఏనాడూ నష్టం కింద వేసుకోలేదు. కొట్టుకి ఎదురుగా టీ బడ్డీ బల్ల మీద హెడ్ కానిస్టేబులు అంతోని పొద్దస్తమానం కూర్చుంటాడు. అతను దిగితే ఇంకొకడు ఎక్కుతాడు. ఆ పుణ్యాన సందులో ఒక్క తాళం పగల్లేదు. వర్తకులంతా కూడబలుక్కుని గూర్ఖాని మానిపించేశారు కూడా. అద్దెకున్న మనిషి వల్ల వీధి మొత్తానికి లాభం రావడం కాశిం ఇంకెక్కడా చూడలేదు.

అందుకే జీపు ఆగినా అతను తొణకలేదు. పైగా అప్పుడే బోణీ బేరం నడుస్తోంది. దాన్ని మధ్యలో వదలడం అతనికి చేతకాదు.

బేరానికి కూర్చున్నది సన్యాసమ్మ. కృత్తివెన్ను అవతల సముద్రపు ఒడ్డు ఊరు ఆవిడది. ఊళ్లో పడవలన్నిటికీ కావలసిన వలలు ఆవిడే కొంటుంది. గడప దగ్గర బందరు బేరగాళ్లు కాచుకుని ఉన్నారు. ఈవిడకి ఇచ్చిన ధర వాళ్ల చెవిన పడితే వాళ్లూ అదే అడుగుతారు. అందుకని కాశిం తాతల నాటి పద్ధతిలో భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. పైన మాటలన్నీ వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. తువ్వాలు కింద వేళ్లు మాత్రం ధర మాట్లాడుకుంటున్నాయి. ఆవిడ రెండు వేళ్లు పట్టుకుంది. కాశిం విడిపించుకుని మూడు పట్టించాడు.

“కదలొద్దు! చేతులు ఎక్కడివక్కడ ఉంచండి!”

గుమ్మంలో నిఘా విభాగం ఇన్‌స్పెక్టర్ మణికుమార్ నిలబడ్డాడు. ఎప్పుడూ సఫారీలో తిరిగే మనిషి ఆవేళ యూనిఫాం వేసుకొచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. బందరు బేరగాళ్లు చెప్పులు కూడా వెతుక్కోకుండా జారుకున్నారు.

“ఉంచమంటే ఉంచుతాం గానీ,” అంది సన్యాసమ్మ, “నా వేలు వంకర తిరిగిపోతందయ్యా. ఈయన పట్టు ఉడుంపట్టు.”

“నువ్వు మాట్లాడకు. నీ సంగతంతా రిపోర్టులో ఉంది.”

“నా సంగతి మా ఇంటాయనకే తెలీదు, మీ రిపోర్టుకెట్టా తెలిసిందయ్యా?”

మణికుమార్ చేతిలోని టైపు కాగితం విప్పి, సందు చివరిదాకా వినిపించేలా చదివాడు. కోస్తా గ్రామాల నుంచి ఒక స్త్రీ తరచు వచ్చి కొట్టు యజమాని కాశింతో గుడ్డ చాటున వేళ్లు నొక్కి రహస్య సంకేతాలు మార్చుకుంటోంది. సంకేతాలు అందగానే వలల మూటలు కదులుతున్నాయి. ప్రభుత్వాన్ని కూలదోసే ప్రయత్నంగా అనుమానించవలసి ఉంది.

కాశిం ఎదురుగా చూశాడు. టీ బల్ల మీద అంతోని తలొంచుకుని, ఎప్పుడో ఖాళీ అయిన గ్లాసులోకి చూస్తున్నాడు.

“అంతోనీ, ఇది నువ్వు రాసిందేనా?”

అంతోని లేచి సందు దాటి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

“ఏం చెయ్యమంటారు కాశింగారూ! ఇన్నేళ్లూ ‘విశేషాలు లేవు’ అని రాశాను. ఎవరూ ఏమీ అన్లేదు. ఇప్పుడంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తన్నారంట. దాంట్లో విశేషాలు లేవనే గడే లేదంట. ఏదో ఒకటి నింపకపోతే నన్ను చింతపల్లి అడవుల్లోకి బదిలీ వేస్తామన్నారు. మా పాప ఇక్కడ బళ్లో చదువుతోంది. కళ్ల ముందు కనబడింది రాశాను. గుడ్డ, వేళ్లు, మూటలు. అబద్ధం ఒక్క ముక్క లేదండీ.”

“నిజాలన్నీ రాశావు నాయనా,” అంది సన్యాసమ్మ, “మాకు బేడీలు పడేట్టుగా.”

ఆ ఏడు సర్కారు ప్రతిదాన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. పొలాల లెక్కలు ఎక్కాయి, కరెంటు బిల్లులు ఎక్కాయి, చివరికి అనుమానాల వంతు వచ్చింది. ఎన్నికలు కూడా దగ్గరపడ్డాయి. ఇలాంటప్పుడు చిన్నదో పెద్దదో ఒక కుట్ర చేతిలో ఉంటే మంచిదని పైవాళ్లకు తోచింది.

“విను కాశిం,” అన్నాడు మణికుమార్, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. “ఈ రిపోర్టు ప్రకారం ముద్దాయిలు నువ్వూ, ఈవిడా. మేడ మీది మనిషి గురించి ఏం రాశారో కూడా విను. ‘వృద్ధుడు. నిరపాయకరుడు. కొంతకాలంగా చెప్పుకోదగ్గ రచన చేయలేదు.’ కాబట్టి ఆయన్ని అడ్డం పెట్టుకుని నువ్వే నడిపిస్తున్నావని పైవాళ్ల అభిప్రాయం. అలా కాకుండా ‘అంతా ఆయనే చేయించాడు’ అని దీనికింద సంతకం పెట్టావంటే నువ్వు సాక్షివి. ఈవిడా సాక్షే. కొట్టు కొట్టులాగే ఉంటుంది. పెట్టనంటే సీలు వేయిస్తాను.”

కాశిం తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. ఎంత పెద్ద బేరమైనా అతను ముందు నష్టం ఎంతో చూసుకుంటాడు, తరవాతే లాభం. సంతకం పెట్టకపోతే కొట్టు పోతుంది. తండ్రి తోపుడుబండి మీద కొబ్బరితాళ్లు అమ్మి కట్టిన కొట్టు. సన్యాసమ్మ ఊళ్లో పడవలు ఒడ్డునే ఉండిపోతాయి. ఇక సంతకం పెడితే? మేడ మీద ఒక వాటా ఖాళీ అవుతుంది, ఆ వాటాలోకి ఇంకొకరు వస్తారు. కాగితం మీద చూస్తే తేలిగ్గా తెగే బేరం. కానీ మర్నాడు పొద్దున షట్టరు ఎత్తి, గద్దె మీద కూర్చుని, గిరాకీ ముఖంలోకి చూసి ఇది గట్టి తాడు అని చెప్పాలి. ఆ మాట ఎవడు నమ్ముతాడు? తనైనా నమ్ముతాడా?

“సంతకం పెట్టనండీ,” అన్నాడు.

“ఏమిటీ?”

“మా నాన్న నాటి నుంచి ఈ కొట్టులో తాడు మూరకి మూర కొలిచి ఇచ్చాం. ఒక్క అంగుళం తక్కువొచ్చిందని ఎవరూ తిరిగి రాలేదు. మేడ మీదున్నాయన్ని మాత్రం తక్కువ కొలిచి మీ చేతిలో పెట్టమంటారు. ఆ సరుకు మా కొట్టులో లేదండీ. సీలు వేసుకోండి. తాళంచెవులు ఇమ్మన్నా ఇస్తాను.”

సందులో అప్పటికి షట్టర్లన్నీ సగం దాకా లేచి ఆగిపోయాయి. ఉప్పు కొట్టువాళ్లు, ఇనుప సామాన్లవాళ్లు, పసుపు బస్తాలు దింపే ముఠావాళ్లు, అందరూ వింటున్నారు. కాశిం వీపు తనకు తెలియకుండానే నిటారుగా అయింది. వ్యాపారంలో చాలాసార్లు లాభం చూశాడు గానీ, నష్టపోతూ ఇంత నిండుగా ఎప్పుడూ అనిపించలేదు.

మణికుమార్ టోపీ సర్దుకుని గద్దె మీద కాశిం ఎదురుగా కూర్చున్నాడు.

“అయితే ఆ కోడేంటో నాకు చూపించు. ఇలా తే ఆ తువ్వాలు.”

తువ్వాలు తనే లాగి ఇద్దరి చేతుల మీదా వేశాడు. “ఊఁ, కానీ!” అని గద్దించాడు.

కాశిం అతని వేలు పట్టుకోబోయాడు. కానీ అతని చెయ్యే ముందు కదిలింది. తడబాటు లేకుండా కాశిం వేళ్లని దగ్గరికి చేర్చి, అరచేతిని తిప్పి, మధ్యలో బొటనవేలితో గట్టిగా ఒకసారి రాసింది. కాశిం ఆ సైగ గుర్తుపట్టాడు. కొనేవాడి ఎదుట నోరు విప్పడానికి వీల్లేనప్పుడు దళారి అమ్మేవాడికి ఇచ్చే సైగ అది. ఆగు, ఇప్పుడు అమ్మకు.

“సంతకం పెడతావా లేదా?” పైన గొంతు ఉరిమింది.

కింద బొటనవేలు మళ్లీ రాసింది. అమ్మకు.

కాశిం పెదవులు కదిలీ కదలనట్టు అడిగాడు. “మీది ఏ సరుకండీ?”

“మామిడి,” అన్నాడు మణికుమార్ అంతకన్నా మెల్లగా. “మా నాన్నది నూజివీడులో కమీషన్ కొట్టు. ఈ రిపోర్టు చూడగానే నాకు నవ్వొచ్చింది. నవ్వితే నా ఉద్యోగం పోతుంది. ఇవాళ సాయంత్రంలోగా సంతకం చేసిన వాంగ్మూలం లేకపోతే ఇది కంప్యూటర్లోకి ఎక్కదు. ఎక్కని ఫైళ్లన్నీ మూసేస్తారు, పెద్దాయన ఫైలుతో సహా. నేను అరుస్తుంటాను. నువ్వు కాదంటూ ఉండు. అంతే.”

అంత సులువైన బేరం కాశిం జన్మలో చూడలేదు. చెయ్యాల్సిందల్లా ఒప్పుకోకుండా ఉండటం. వర్తకుడికి అది వెన్నతో పెట్టిన విద్య.

“పెట్టను!” అని సంతోషంగా అరిచాడు.

“పెట్టవా?”

“చచ్చినా పెట్టను!”

సన్యాసమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తువ్వాలు ఎటు కదులుతోందో చూసింది. ఆవిడ కళ్లకి ఆ కదలిక కొత్త కాదు. వెంటనే తనూ అందుకుంది. “నేనూ పెట్టను! నాకు సంతకం రాదు, వేలిముద్ర కూడా వెయ్యను!”

అంతా సవ్యంగానే తేలిపోయేది, మేడమెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించకపోతే.

రామకోటేశ్వరరావు దిగివస్తున్నాడు. ఉతికిన పంచె, మోచేతుల దాకా మడిచిన ఖద్దరు చొక్కా, దువ్విన తెల్లజుట్టు. అరెస్టుకి తగ్గట్టుగా తయారై వచ్చినట్టుంది. ఆయన వెనక మెట్ల మలుపులో ఫక్రున్నీసా కొంగు తలమీదికి లాక్కుంటూ నిలబడింది.

“ఎవరయ్యా నిరపాయకరుడు?” అన్నాడాయన.

మణికుమార్ టైపు కాగితాన్ని గద్దె మీద బోర్లించాడు.

“అడుగుతున్నాను. రెండుసార్లు జైలుకి వెళ్లాను. నా పుస్తకం ప్రెస్సులో ఉండగానే పట్టుకెళ్లారు. ఎండనకా వాననకా ఈ అంతోనిని నా గుమ్మం ముందు కూర్చోబెట్టారు. ఇదంతా నిరపాయకరుడికి చేసిన మర్యాదా?”

“మాస్టారూ, మీరు పైకి వెళ్లండి,” అన్నాడు కాశిం కంగారుగా.

“చెప్పుకోదగ్గ రచన లేదా? అంతోనీ, పోయిన ఏడాది నా నవల నువ్వు చదవలేదూ?”

“రెండుసార్లు చదివానండీ,” అన్నాడు అంతోని. “ఆ కాంట్రాక్టరు కాలవలో పడే చోట పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వాను.”

“మరి రిపోర్టులో ఎందుకు రాయలేదు?”

“నవ్వానని రాస్తే ఊరుకుంటారా సార్!”

కాశిం చటుక్కున వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అరచేతిలో బొటనవేలితో రాశాడు. ఆగండి, అమ్మకండి. మళ్లీ రాశాడు, ఈసారి గట్టిగా.

రామకోటేశ్వరరావు విసురుగా చెయ్యి లాక్కున్నాడు. “ఎందుకయ్యా నా చెయ్యి గోకుతావు?”

రాష్ట్ర ప్రభుత్వం కనిపెట్టిన మహాకుట్రలో అసలు మనిషికి ఆ కోడులో ఒక్క అక్షరం తెలియదని సందు సందంతా కళ్లారా చూసింది. ముఠావాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. మణికుమార్ నుదురు తుడుచుకున్నాడు.

“పెద్దవారు,” అన్నాడు బతిమాలుతున్నట్టు, “మీకు దీంతో సంబంధం లేదని మాకు తెలుసు. వయసు మీదపడింది. పైకెళ్లి కాస్త నడుం వాల్చండి.”

అనకుండా ఉండవలసిన మాటల్లో అంతకంటే పెద్దది ఇంకొకటి లేదు.

ముసలాయన కర్ర గోడకి ఆనించాడు. ముందుకొచ్చి, గద్దె మీదున్న టైపు కాగితం తీసుకున్నాడు. అంతోని జేబులోంచి పెన్ను తీసుకున్నాడు. ‘నిరపాయకరుడు’ అన్న మాట మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. కాగితం అడుగున ఆ సంకేతాలన్నీ తన సృష్టేననీ, వర్తకుడికీ మత్స్యకార స్త్రీకీ వాటి అర్థం తెలియదనీ రాసి సంతకం చేశాడు. సంతకం కింద గీత కూడా గీశాడు, పుస్తకాల మీద గీసినట్టే.

“ఇదిగో వాంగ్మూలం. మీ కంప్యూటర్ని తృప్తిగా భోంచెయ్యమనండి.”

మణికుమార్ ఆ కాగితం వంక చూసి, ఇద్దరు కానిస్టేబుళ్ల వంక చూసి, సందులో నిలబడ్డ జనం వంక చూశాడు. ఇంతమంది కళ్ల ముందు పడ్డ సంతకాన్ని చింపడం ఏ అధికారికీ సాధ్యం కాదు.

“ఏం చేశారు మాస్టారూ!” కాశిం ఆయన చెవిలో అన్నాడు. “సాయంత్రం దాకా ఆగితే మీ ఫైలు మూసేసేవాళ్లు. మనకి ఏ బాధా లేకపోయేది.”

“మూసేస్తారా? నా ఫైలా?” ఆయన ముఖంలో నిజంగానే భయం కనిపించింది. అది వెంటనే పోయింది. కాశిం భుజం మీద చెయ్యి వేసి, ఇంకెవరికీ వినిపించకుండా అన్నాడు. “మెట్ల మీదే నిలబడి అంతా విన్నాను. నువ్వు కొట్టు వదులుకుంటానన్నది కూడా విన్నాను. నీ షట్టరు రేపు లేవాలి. ఆవిడ పడవలు నీళ్లలోకి దిగాలి. నేను ఎక్కడున్నా రాసుకోగలను.”

అది గర్వమో, దయో కాశిం విడదీయలేకపోయాడు. రెండు పేటలూ కలిపి పేనిన తాడులా ఉంది అది. దాన్ని విప్పి చూడాలని కూడా అతనికి అనిపించలేదు.

మణికుమార్ జీపు తలుపు తీశాడు. “ఎక్కండి,” అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

రామకోటేశ్వరరావు ఎక్కి కూర్చుని పంచె కుచ్చిళ్లు సర్దుకున్నాడు. కాశిం నిలబడిపోయాడు. ఇప్పుడతని పేరు ఎక్కడా లేదు. ముద్దాయి కాడు, సాక్షీ కాడు. కొట్టు ఉంది, బోణీ సగంలో ఉంది. ఏ లెక్కన చూసినా మిగులే.

“ఏమండీ,” మెట్ల మలుపులోంచి ఫక్రున్నీసా పిలిచింది. “నిలబడి ఏం ఆలోచిస్తున్నారు? ఆయన్ని ఒక్కరినీ పంపించేసి ఈ పూట మీరు అన్నం తినగలరా? వెళ్లండి. కొట్టు నేను చూసుకుంటా. సన్యాసమ్మకి మూడని కదా రాత్రే అన్నారు?”

“రెండున్నర!” అంది సన్యాసమ్మ కళ్లొత్తుకుంటూ.

“మూడు,” అంది ఫక్రున్నీసా.

కాశిం తువ్వాలు నడుముకి బిగించి జీపెక్కాడు. “నువ్వెందుకు?” అన్నాడు మణికుమార్. “ఆయనకి తోడండీ. మా వాటాలో మనిషి,” అన్నాడు కాశిం.  జీపు కదులుతుంటే, ఇక కాపలా కాయడానికి ఎవరూ మిగలని అంతోని రోడ్డు మధ్యకొచ్చి అటెన్షన్‌లో నిలబడి ముసలాయనకి సెల్యూట్ కొట్టాడు. ఇనుప కొట్టువాళ్లు గద్దెల మీంచి లేచి నిలబడ్డారు. మంత్రులు ఊరేగినప్పుడు కూడా ఆ సందు లేచి నిలబడలేదు. కాశింకి ఛాతీ నిండిపోయింది.

ముసలాయన హుషారుగా ఉన్నాడు. “విచారణ తెలుగులోనే కదయ్యా జరిగేది? ఇంగ్లీషులో అయితే నా మాటల పదును పోతుంది,” అని అడిగాడు. ముందు సీట్లో వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. మణికుమార్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. “సార్,” అన్నాడు. మళ్లీ విన్నాడు. “సార్, వయసు చాలా... సరే సార్,” అన్నాడు.

స్టేషను గుమ్మం వచ్చింది. జీపు ఆగలేదు. ఏలూరు రోడ్డు పట్టుకుని రామవరప్పాడు కూడా దాటింది. ఇళ్లు పలచబడి, గన్నవరం వైపు మామిడితోటలు, ఖాళీ పొలాలు మొదలయ్యాయి. పేపర్లో ‘ఎదురుకాల్పులు’ అని పడే వార్తలన్నీ ఇలాంటి చోట్లవే.

“స్టేషను వెనకే ఉండిపోయినట్టుందండీ?” అన్నాడు కాశిం.

వెనక కూర్చున్న కానిస్టేబుళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. మణికుమార్ తల తిప్పలేదు. కుడి చెయ్యి పైకెత్తి, చొక్కా మీదున్న తన పేరుపలక పిన్ను ఊడదీసి, దాన్ని జేబులో వేసుకున్నాడు.